పందెపుబాటపై ఒక దినము

మోటారు పందెము అనగానే మన పల్లెలలోని పెద్దలకు కలుగు భావము మంచిది కాదు. అది పనిలేని ధనవంతుల వినోదమని కొందరు, ప్రాణములతో ఆడు జూదమని మరికొందరు అందురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని పందెపుబాట యనునది ఎట్లు పుట్టినదో విచారించినచో, అది వేగమును పెంచుటకంటె ముందు వేగమునకు కంచె వేయుటకై పుట్టినదని తెలియును.

1894వ సంవత్సరమున ఫ్రాన్సు దేశములో పారిసు నుండి రువాన్ పట్టణము వరకు మొట్టమొదటి మోటారు పోటీ జరిగినది. అది జనులు నడచు దారులపైననే జరిగెను. 1903లో పారిసు నుండి స్పెయిను రాజధానియగు మాడ్రిడ్ వరకు మరియొక పందెము పెట్టిరి. దారి పొడవునను జనము గుమిగూడిరి. దుమ్ములో దారి కానక కార్లు చెట్లను, జనమును ఢీకొనెను. నడుపువారును, చూడవచ్చినవారును మరణించిరి. ప్రభుత్వమువారు బోర్డో పట్టణముకడ పందెమును ఆపివేసిరి. 1907లో ఇంగ్లండున బ్రూక్‌లాండ్సు అనుచోట మోటార్ల కొరకే కట్టిన ప్రత్యేకమైన బాట వెలసినది. మన ఎడ్లకు బండలాగుడు పందెము పెట్టునప్పుడు ఊరి నడివీధిలో పెట్టము గదా! ఊరి వెలుపల నేల చదును చేసి, తాడు కట్టి, పిల్లలను తాటికి అవతల నిలుపుదుము. ఆ వివేకమే ఇదియును.

మన తెలుగువారికి దగ్గరనున్న బాట చెన్నపట్టణమువద్ద గలదు. నెల్లూరు నుండి చెన్నపట్టణము పోవు దారిలో షోళవరము అను ఊరున్నది. అక్కడ రెండవ ప్రపంచయుద్ధకాలమున విమానములు దిగుటకు వేసిన గట్టినేల యుండెను. యుద్ధము ముగిసిన కొన్నియేండ్లకు ఆ నేలపై మోటారు పందెములు మొదలై చాలకాలము సాగినవి. ఆ పిమ్మట 1990లో మద్రాసు మోటార్ స్పోర్ట్సు క్లబ్బువారు శ్రీపెరుంబుదూరునకు సమీపమున ఇరుంగాట్టుకోట్టై అనుచోట సొంతబాట కట్టించిరి. శ్రీపెరుంబుదూరనగా భగవద్రామానుజులు అవతరించిన ఊరు. దర్శనమునకు పోయినవారు మీలో ఉందురు. ఆ దారిలోనే, ప్రాకారము వంటి కంచె వెనుక, మూడు కిలోమీటర్ల ఏడువందల మీటర్ల నల్లని బాట పండ్రెండు మలుపులు తిరిగి బయలుదేరినచోటికే వచ్చి చేరును. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేన్‌సాగరు ఒడ్డున విద్యుత్తుతో నడచు కార్ల పందెము జరిగినది గాని, అది నగరపు వీధులనే కంచె కట్టి బాటగ మార్చినది. నిలుకడయైన బాట కాదు.

ఇరుంగాట్టుకోట్టై బాటపై అప్పుడప్పుడు శిక్షణ శిబిరములు జరుగుచుండును. పందెములతో సంబంధము లేని సామాన్యులును రుసుము చెల్లించి ఒక దినము నేర్చుకొనవచ్చును. నేను పందెగాడను కాను. బడిపంతులుగ పనిచేసి విశ్రాంతి పొందినవాడను. చిన్నకారొకటి తోలుకొనుచు సంతకును, పెండ్లిండ్లకును తిరుగుట తప్ప మోటారుతో నాకు వేరు పని లేదు. అట్టివానికి ఈ బడి ఏల యనిన, మా బావగారివలన.

మా ఊరిని ఒరుసుకొని నాలుగు వరుసల రహదారి పడినది. గతయేడు ఆ దారిపై మా వీధి కుర్రవాడొకడు మోటారుసైకిలుపై పోవుచు, ఆగియున్న లారీ వెనుకభాగమునకు తగిలి చనిపోయెను. వానికి ఇరువది యేండ్లు నిండలేదు. మా బావగారి మనుమడు వాని ఈడువాడే, వాని స్నేహితుడే. ఆ దుఃఖము ఆరకమునుపే ఈ మనుమడు తనను పందెపుబాటవారి బడికి పంపుమని తాతను పట్టుకొనెను. బావగారు నాకు ఫోను చేసి, “వాడికి వేగం పిచ్చి ఉన్నమాట నిజం. ఆ బడికి పంపితే పిచ్చి ముదురుతుందా, కుదురుతుందా? నువ్వు చదువుకున్నవాడివి, పోయి చూచి చెప్పవయ్యా” అనిరి. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటకే పోయితిని.

తెల్లవారి ఏడుగంటలకు ఒక రేకుల చావడిలో మమ్ము కూర్చుండబెట్టిరి. నేనుగాక ఆరుగురు యువకులు. శిక్షకుడు కోయంబత్తూరువాడు. ఆ ప్రాంతమున తరతరములుగ ఇంట తెలుగే మాట్లాడు కుటుంబములు పెక్కు గలవు. ఈయనయు అట్టి యింటివాడగుటచే మాతో తెలుగుననే మాట్లాడెను. ఆయన మాటలో యాస వేరుగాని అర్థమునకు లోటు లేదు.

మొదటి పాఠము వేగమును గూర్చియుండునని యువకులు ఎదురుచూచిరి. ఆయన కూర్చుండుట నేర్పెను. వెన్ను పూర్తిగ ఆనవలెను. బ్రేకును అడుగంట త్రొక్కినను మోకాలు కొంచెము వంగియేయుండవలెను. చేయి చాచినచో మణికట్టు స్టీరింగుపైన ఆనవలెను గాని భుజము సీటును విడువరాదు. చేతులు గడియారములో తొమ్మిది, మూడు అంకెలుండుచోట నిలుపవలెను. పడకకుర్చీలో వలె వెనుకకు వాలి ఒంటిచేతితో నడుపువారిని మనము దినమును చూచుచున్నాము. ఆపద వచ్చినప్పుడు అట్టివాని కాలికి బ్రేకుపై బలము చాలదు, చేతికి చక్రముపై అదుపు చాలదు. కాడి సరిగ పడని ఎద్దు ఎంత బలిసినదైనను ఏమి లాగును?

పిమ్మట బ్రేకు పాఠము. తిన్నని బాటపై ఒకచోట గీత గీసి, వేగముగ వచ్చి గీతను చేరినతోడనే బ్రేకు త్రొక్కుమనిరి. అంతకుముందు ప్రతివానిని, “మీ బండి ఎక్కడ ఆగునో అక్కడ ఈ రబ్బరు శంకువును నిలుపుడు” అని అడిగిరి. ఒక యువకుడు తాను దినమును రహదారిపై నూటయిరువది వేగమున పోవుదునని ప్రొద్దుటినుండి చెప్పుచుండెను. అతడు నిలిపిన శంకువు కారు క్రిందబడి చాలదూరము ఈడ్వబడెను. అతడు దిగి, నలిగిన శంకువును చేతబట్టుకొని, దానినే చూచుచు కొంతసేపు నిలుచుండెను. మధ్యాహ్నము వరకు అతని నోట మాట రాలేదు.

ఇందులోని లెక్క చిన్నదే గాని మన పిల్లలలో పెక్కుమందికి తెలియదు. వేగము రెండింతలైనచో ఆగు దూరము రెండింతలు కాదు, నాలుగింతలగును. మంచి టైర్లు గల కారు పొడినేలపై గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవుచు గట్టిగ బ్రేకు వేసినచో సుమారు 15 గజములలో ఆగును. 100 కిలోమీటర్ల వేగమున పోవునది 60 గజములు తీసికొనును. ఇది కాలు బ్రేకుపై పడిన పిమ్మటి లెక్క. కన్ను చూచి, మనస్సు గ్రహించి, కాలు కదలుటకు సుమారు ఒక సెకను పట్టును. ఆ సెకనులో 50 వేగమున 15 గజములు, 100 వేగమున 30 గజములు బండి తన దారిన తాను పోవును. అనగా మొత్తము ఒకచోట 30 గజములు, ఇంకొకచోట 90 గజములు. నేల తడిసినచో బ్రేకు దూరము ఇంచుమించు రెండింతలగును. రాత్రివేళ తక్కువ కాంతి దీపముతో మోటారుసైకిలుపై పోవువానికి 90 గజముల దూరమున దీపము లేక నిలిచిన లారీ కనబడునా? మా వీధి పిల్లవాని చావునకు కారణము విధి యని అందరును అనిరి. నాకు ఆ చావడిలో కూర్చున్నప్పుడు అది లెక్కగ కనబడెను.

తరువాత బాటలో ఒక మూల నీరు చల్లించి, అక్కడ బ్రేకు వేయుచు ప్రక్కకు తప్పించుకొనుమనిరి. ఈ కాలపు కార్లలో చక్రము బిగిసిపోకుండ కాపాడు యంత్రము, ఏబీయెస్ అను పేరిట నున్నది. చక్రము దొర్లుచున్నంతవరకే త్రిప్పినవైపు దారిపట్టును. బిగిసిన చక్రము మొద్దుతో సమానము, ముందుకు జారుటయే దాని పని. చక్రము బిగియబోవుచున్నదని తెలిసికొని ఆ యంత్రము సెకనునకు పలుమార్లు బ్రేకును వదలి మరల పట్టును. అప్పుడు కాలి క్రింద టకటకమని అదురు పుట్టును. ఈ అదురు తెలియనివారు బండి చెడినదనుకొని కాలు తీసివేయుదురు. అదియే ముప్పు. అదరనిమ్ము, కాలు తీయకుము, పోవలసిన దిక్కునకు చక్రము త్రిప్పుము అని శిక్షకుడు పదిమార్లు చేయించెను. మన దేశమున 2019 నుండి 125 ఘన సెంటీమీటర్లకు మించిన ఇంజనుగల క్రొత్త మోటారుసైకిళ్ళకును ఈ యంత్రము తప్పనిసరి యైనది. అంతకు చిన్నవానికి అప్పుడు రెండుచక్రముల బ్రేకులను కలిపి పనిచేయించు ఏర్పాటు పెట్టిరి. పాతబండ్లలో పెక్కింటికి రెండును ఉండవు.

ఎండ ఎక్కినపిదప మలుపుల పాఠము వచ్చెను. ఆ దినమంతటిలోను సారవంతమైనది ఇదియే గనుక కొంచెము విస్తరించి చెప్పుదును.

జొన్నచేలలో మంచెయెక్కి పిట్టలను తోలుటకు వడిసెల త్రిప్పినవారు మీలో ఎందరో కలరు. రాయి గుండ్రముగ తిరుగుచున్నంతసేపు దానిని లోనికి లాగిపట్టునది చేతిలోని తాడు. తాడుకొస వదలిన మరుక్షణమే రాయి తిన్నగ పోవును. మలుపు తిరుగు కారు ఆ రాయి వంటిది. దానికి తాడేదనగా, టైరునకును నేలకును గల పట్టు. ఒక్కొక్క టైరు నేలను తాకు చోటు మన అరచేతి వెడల్పునకు మించదు. అట్టి నాలుగు అరచేతుల పట్టుపై ఇంచుమించు టన్ను బరువుగల బండియు, అందులోని కుటుంబమును ఆధారపడియుండును. ఇక్కడను వేగము రెండింతలైనచో కావలసిన పట్టు నాలుగింతలు.

ఆ పట్టు ఒక రూపాయివంటిదని శిక్షకుడు చెప్పెను. నేను దానిని మన పాతలెక్కలో చెప్పుదును. టైరుకడ పదునారణాలే యున్నవి. బ్రేకు వేయుటకును, వేగము పెంచుటకును, మలుపు తిరుగుటకును ఆ పదునారణాలలోనుండియే ఖర్చు పెట్టవలెను. అన్నియు బ్రేకునకే పెట్టినవానికి మలుపునకు దమ్మిడీ మిగులదు. బండి చక్రము త్రిప్పినను తిరుగక తిన్నగ పోవును. ఖచ్చితముగ లెక్కించినచో టైరు మన ఇంటి పద్దుకంటె కొంచెము ఉదారమైనది. ఒకటి నిలువుగను ఇంకొకటి అడ్డముగను లాగు బలములగుటచే, పండ్రెండణాలు బ్రేకునకు పోయినను మలుపునకు నాలుగు గాక పదికి పైగా మిగులును. కాని పదునారును మించినప్పుడు మాత్రము అది అప్పు పెట్టదు. కావున మలుపు రాకముందే, దారి తిన్నగ నున్నప్పుడే బ్రేకు పని ముగింపవలెను. మెల్లగ ప్రవేశించి, మలుపు విప్పారిన పిదప వేగము పెంచవలెను. పందెగాండ్రందరు మలుపులోనికి దూకుదురని మనము అనుకొందుము. వారు చేయునది దీనికి విరుద్ధము.

బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందు చక్రములపైకి వాలును. వెనుకవి తేలిక పడును. మలుపు నడుమ బెదిరి బ్రేకు త్రొక్కినను, యాక్సిలరేటరును ఒక్కసారిగ వదలినను తేలికపడిన వెనుకభాగము ప్రక్కకు జారి బండి బొంగరమగును. నిండుబిందె తలపై పెట్టుకొని గట్టుమీద నడచు ఆడవారు ఎన్నడైన త్రుళ్ళిపడి అడుగు వేయుదురా? కాలును చేయియు ఆ నడకవలె మెత్తగ కదలవలెను.

బాటలో మలుపును వెలుపలి అంచునుండి మొదలుపెట్టి, నడుమ లోపలి అంచును తాకి, మరల వెలుపలి అంచునకు పోవుదురు. అట్లు పోయినచో గుండ్రము పెద్దదగును. 20 మీటర్ల వ్యాసార్ధము గల మలుపులో గంటకు 42 కిలోమీటర్లు పోగల బండి, అదే పట్టుతో 40 మీటర్ల వ్యాసార్ధములో 60 వరకు పోవును. కాని పెద్దలారా, ఇది కంచెలోపలి విద్య. రహదారిపై ఒక సగము ఎదుటివానిది. సినిమాలు చూచి ఘాటురోడ్డుపై ఈ గీత పట్టుకొని పోవు పిల్లలు మృత్యువునకు ఎదురేగుచున్నారు. ఈ భేదమును శిక్షకుడు తనంతట తాను నొక్కి చెప్పుట నాకు నచ్చినది.

కంటిని గూర్చి చెప్పినది మన రైతునకు క్రొత్త కాదు. నాగలి పట్టువాడు ఎద్దుల కాళ్ళను చూచుచు పోయినచో చాలు వంకరపోవును, చేని ఆవలిగట్టును చూచుచు పోయినచో తిన్నగ వచ్చును. కన్ను చూచినచోటికే చేయి పోవును. బండి జారినప్పుడు గోడను చూచువాడు గోడకే తగులును, సందును చూచువాడు సందులోనుండి బయటపడును.

ఇక జెండాలు. పసుపుజెండా చూపినచో ముందు అపాయమున్నది, ఎవరును ఎవరిని దాటరాదు. ఎర్రజెండా చూపినచో అందరును మెల్లగించి ఆగుచోటికి రావలెను. పసుపు ఎరుపు చారల జెండా నేల జారుచున్నదని గుర్తు. నూట యేబది, రెండువందల వేగమున పోవుటకు అలవాటుపడినవారు ఒక గుడ్డపేలిక కనబడగానే మారుమాట లేక లోబడుదురు. మన నాలుగురోడ్ల కూడలిలో ఎర్రదీపమునకు ఆ గౌరవము ఏనాడు కలుగునో!

సాయంకాలము ఒంటిసీటు పందెపుకారులో కొన్ని చుట్లు త్రిప్పిరి. నిప్పంటని బట్టతో కుట్టిన నిలువు అంగీ, హెల్మెట్టు, రెండు భుజములను నడుమును తొడలనడుమను బిగించు ఆరు పట్టీలు. నేలకు జానెడెత్తున పడుకొన్నట్లు కూర్చుండవలెను. కప్పు లేదు, చక్రములు ఇరుప్రక్కల బయటనే తిరుగుచు కనబడును. చెన్నపట్టణపు ఎండలో ఆ వేషముతో పదినిమిషములు నడుపగానే చెమట ధారలు కట్టినది. స్టీరింగు బరువు, బ్రేకు ఇంకను బరువు. ముందు శిక్షకుని కారు, వెనుక మేము, ఎవరును దాటరాదని ఆజ్ఞ. నాకు ఆనందము కలుగలేదని చెప్పినచో అబద్ధమగును. ఆ వయసులో ఆ ఆనందము కొరకు పిల్లలు ఎందుకు అర్రులు చాచుదురో అప్పుడు బోధపడెను. కోయంబత్తూరువాడైన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పందెములలో పాల్గొన్న మొదటి భారతీయుడైనది ఇట్టి చిన్నబండ్లపై ఎక్కి దిగిన పిమ్మటనే.

ఇక బావగారి ప్రశ్న. దీనికి ఒక్కమాటలో అవునని చెప్పుటకు నాకు జంకుగ నున్నది. ఉత్తర ఐరోపా దేశములలో జారుడునేలపై బండిని అదుపుచేయు విద్యను యువకులకు నేర్పి చూచిరి. నేర్చినవారిలో ప్రమాదములు తగ్గకపోగా, కొన్నిచోట్ల మగపిల్లలలో పెరిగినవని పరిశోధకులు గమనించిరి. ఏలయన, జారినను నిలుపుకొనగలనను ధీమా వారికి విద్యకంటె ముందుగ అబ్బినది. ఈత నాలుగు బారలు వచ్చినవాడే నడికృష్ణలో దిగును గాని, రానివాడు ఒడ్డుననే యుండును గదా. కావున బడి ఏమి నేర్పుచున్నదో చూడవలెను. బండిని ఎట్లు జార్చి నిలుపవలెనో నేర్పి, భుజము తట్టి పంపునది పిచ్చి ముదిర్చును. నీ అంచనా ఎంత తప్పో నీ కన్నులకే చూపునది పిచ్చి కుదుర్చును. నేను చూచినచోట రెండును కొంతకొంత యున్నవి. నలిగిన శంకువును చేతబట్టుకొన్న యువకునకు ఆ ప్రొద్దు మేలు చేసినది. సాయంకాలపు ఒంటిసీటు కారు అందరికిని మేలు చేసినదని చెప్పజాలను. తిరిగి వచ్చునప్పుడు బస్సు నిలుచుచోట ఇద్దరు దానిని గూర్చియే గర్వముగ మాటాడుకొనుచుండిరి.

ఈ విషయము చిన్నది కాదు. 2022లో మన దేశపు దారులపై 4,61,312 ప్రమాదములు జరిగి 1,68,491 మంది మరణించిరని కేంద్రప్రభుత్వపు లెక్క. ఆ మరణములలో నూటికి డెబ్బది పైచిలుకు మితిమీరిన వేగమువలననే. దినమునకు నాలుగువందల అరువదికి పైగా శవములు. ఏ యుద్ధమునను ఇన్నియేండ్లు ఇట్లు ఎడతెగక పోవుట మనము ఎరుగము.

బావగారికి నేను వ్రాసినదిది: పిల్లవానిని పంపవచ్చును. కాని ప్రొద్దుటిపూట బ్రేకు, మలుపుల పాఠములకే రుసుము కట్టుడు, ఒంటిసీటు కారునకు వద్దు. మీరును వెంట పోయి కంచె ఇవతల కూర్చుండుడు. తాత చూచుచుండగా తన శంకువు నలిగినచో వాడు దానిని మరువడు. వాడు ఒప్పుకొనకపోయిన, వానికి కావలసినది విద్య కాదు, వేడుక. అట్లయినచో ధాన్యపు డబ్బు దానికి పెట్టనక్కరలేదు.

దీనికై ఎవరును చెన్నపట్టణము వరకు పోనక్కరలేని పని ఒకటి మిగిలియున్నది. శిక్షకుడు మధ్యాహ్నము భోజనమైన పిదప మా అందరిని చావడి బయట నిలిపిన మా సొంతబండ్ల దగ్గరకు తీసికొనిపోయి, మోకాళ్ళపై కూర్చుండబెట్టి చూపెను. కారు టైరుపై నీటిని ప్రక్కకు త్రోయుటకు గాడులుండును. ఆ గాడుల అడుగున, చుట్టును అక్కడక్కడ, చిన్న చిన్న రబ్బరు దిమ్మలు అడ్డముగ పోసియుండును. వాని ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి అరిగి పైభాగము ఆ దిమ్మలతో సమమైనదా, దాని ఆయువు తీరినట్లే. చట్టమును అంతటితో మార్చవలెననియే చెప్పుచున్నది. మోటారుసైకిలు టైరునకును ఇట్టి దిమ్మలే యుండును. చూచుటకు కన్నును, తడవుటకు బొటనవ్రేలును చాలును. ఆ మధ్యాహ్నము చావడి బయట నిలిచియున్న ఏడు బండ్లలో మూడింటి టైర్లు దిమ్మలతో సమముగ నుండెను.